తాండ్రలో ఆ ఘాటు ఎక్కడిది?

పుల్లమామిడి
మా టీమ్‌లో ఒక బెంగాలీ కుర్రాడున్నాడు. సెలవుకి మాల్దా వెళ్లి నిన్ననే పుణె వచ్చాడు. టీ వేళకి న్యూస్‌పేపర్ పొట్లం విప్పి తలో ముక్క పెట్టాడు. ఆమ్‌సత్త అట. చూస్తే మన మామిడి తాండ్రే. కాస్త నల్లగా ఉంది, వేళ్లకి అంటుకుంటోంది. ఒక చేత్తో మౌస్ పట్టుకునే నోట్లో వేసుకున్నా.

రెండుసార్లు నమిలానో లేదో, చెయ్యి ఆగిపోయింది. నూజివీడు దగ్గర మా ఊళ్లో డాబా, డాబా మీద తాటాకు చాప, చాప నాలుగు మూలలా ఇటుకలు, కాకుల కోసం కర్ర పట్టుకుని నీడలో కూర్చున్న మా నాయనమ్మ. కళ్లలో నీళ్లు తిరిగాయి. కారంగా ఉందా అని అడిగాడు పాపం ఆ అబ్బాయి.

నా బాధేంటంటే, 15 ఏళ్లుగా ఊరెళ్లిన ప్రతిసారీ తాండ్ర కొంటున్నా. ఏ ప్యాకెట్టూ ఇలా చెయ్యలేదు. తియ్యగా ఉంటుంది, సాగుతుంది, అంతే. మా చెట్టు కాయ కాదు, మా వాళ్లు చేసిందీ కాదు, ఎక్కడో మాల్దా ముక్కలో మా ఇల్లు ఎలా దూరింది? తీపి అయిపోయాక, మింగబోయే ముందు ముక్కు వెనకాల సన్నగా ఒక ఘాటు తగులుతోంది. అల్లం కాదు, మిరియం కాదు. అచ్చం అదే మా నాయనమ్మ తాండ్రలోనూ ఉండేది. అదేంటో ఎవరికైనా తెలుసా?

గోదారిగట్టు
తాండ్రలో ఘాటేంటండీ? పులిసిపోయింది తిన్నారేమో.

అటకమీదపిల్లి
మాల్దా నుంచి పుణె దాకా రైల్లో మగ్గింది కదా, పైన గోదారిగట్టు గారు అన్నదే అయ్యుంటుంది. రేపు కడుపు సంగతి కూడా రాయండి.

పుల్లమామిడి
పులుపుకీ పులిసినదానికీ తేడా తెలియనివాణ్ణా? నా హ్యాండిల్ ఒకసారి చూడండి.

విజీనగరం_బుల్లోడు
మీరు కొనే చోటే తప్పు. భీమాళి తాండ్ర ఎప్పుడైనా తిన్నారా? మా విజయనగరం జిల్లా, ఎల్.కోట మండలం. కోలంగోవ కాయలతో చేస్తారు. ఊరంతా చాపలే కనిపిస్తాయి వేసవిలో. ముక్క విరిస్తే పొరలు పొరలుగా లెక్కపెట్టొచ్చు. దాని ముందు మీ మాల్దా ఎంత?

గోదారిగట్టు
భీమాళి బాగుంటుంది, కాదనను. కానీ తాండ్ర అనగానే ఎవరైనా ముందు చెప్పేది ఆత్రేయపురమే.

విజీనగరం_బుల్లోడు
ఆత్రేయపురం వాళ్లకి పూతరేకులున్నాయి కదా, 2023లో జీఐ ట్యాగ్ కూడా వచ్చింది, సంతోషం. తాండ్ర మాకు వదిలేయండి మహాప్రభో.

గోదారిగట్టు
ఆస్తి పంపకాలా ఇవి?

సీమపిల్ల
మీరు మీరు కొట్టుకోండి. మాకు అనంతపురంలో ఇంటిని గుర్తుచేసేది రేగు వడియం. రేగుపళ్లు, బెల్లం, పచ్చిమిరప, ఉప్పు, జీలకర్ర వేసి రోట్లో గింజలతో సహా కచ్చాపచ్చాగా దంచి బిళ్లలు తట్టి ఎండబెడతారు. హాస్టల్లో ఉన్నప్పుడు మా అవ్వ పాత హార్లిక్స్ సీసా నిండా పంపేది. ఒక్కటి బుగ్గన పెట్టుకుంటే రెండు పీరియడ్లు గడిచేవి. తాండ్ర అంటే నాకు ఎప్పుడూ తియ్యటి తోలులా అనిపిస్తుంది, తప్పుగా అనుకోవద్దు.

అటకమీదపిల్లి
తోలు!! అక్కా, కోస్తా వాళ్లు ఇంకా నిద్ర లేచినట్టు లేరు, లేచేలోపు తీసెయ్యండి.

ఎండలోపని
మా ఇంట్లో వేసవి మొత్తం ఇదే పని కాబట్టి నాలుగు మాటలు చెప్తా. ఘాటు సంగతి నాకు తెలీదు గానీ, ప్యాకెట్టు తాండ్ర ఎందుకు అలా ఉంటుందో చెప్పగలను.

పండు పిసికి గుజ్జు తీసి, పీచు పోయేలా జల్లెడ పట్టాలి. రసాలైతే పీచు ఎక్కువ, పల్చటి గుడ్డలో వడకట్టాల్సిందే. పంచదారో బెల్లమో కలిపి చాప మీద పల్చగా పోసి అరచేత్తో పులమాలి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. మందంగా పోస్తే పైన ఆరినట్టే ఉంటుంది, లోపల పచ్చిగా ఉండి బూజు పడుతుంది. ఒక పొర చేతికి అంటకుండా ఆరాకే రెండోది. ఎండ బాగా కాస్తే రోజుకో పొర, మబ్బు పడితే అదీ లేదు. అలా రెండు మూడు వారాలు. రోహిణి కార్తె ఎండ దీనికి బంగారం. మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడ్డాయంటే పెట్టుబడి మట్టిలో కలిసినట్టే. మూడేళ్ల కిందట ఒక సాయంత్రం గాలివాన వస్తే 14 చాపలు లోపలికి లాగలేకపోయాం. మా అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు.

ఇప్పుడు చాలాచోట్ల స్టీలు ట్రేల్లో పోసి డ్రయర్లో పెడుతున్నారు. తప్పనను, శుభ్రం, వానభయం లేదు. రంగు పసుపుగానే ఉండటానికి మెటాబైసల్ఫైట్ కూడా కొద్దిగా వేస్తారు, పరిమితిలో వేస్తే చట్టం ఒప్పుకుంటుంది. ఎండలో ఆరింది మాత్రం ముదురు రంగు తిరగాల్సిందే. పుల్లమామిడి గారూ, మీకు పెట్టిన ముక్క నల్లగా ఉందన్నారు కదా, అది ఎండ తాండ్ర. మిగిలి ఉంటే తిరగేసి అడుగు చూడండి, చాప గీతలుంటాయి.

పుల్లమామిడి
ఒక ముక్క దాచుకున్నా. తిరగేసి చూశా. ఉన్నాయి! అడ్డంగా నిలువుగా, గోరుతో తడిమితే తెలుస్తున్నాయి. అయితే ఆ వాసన చాపదేనా?

ఎండలోపని
చాప వాసన ఉంటుంది, అది ఎండుగడ్డిలా ఉంటుంది. ఘాటు రాదు. రోజూ నాకుతూనే ఉంటాం, నాకు తెలుసు.

ల్యాబ్‌కోటు
ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. మిగతా ఇంద్రియాల సమాచారం మెదడులో థాలమస్ మీదుగా వెళ్తుంది. వాసన మాత్రం ఘ్రాణ కేంద్రం నుంచి నేరుగా భావోద్వేగాలు చూసుకునే అమిగ్డలా వైపుకి, జ్ఞాపకాలు చూసుకునే హిప్పోకాంపస్ వైపుకి వెళ్తుంది. అందుకే వాసన తగలగానే ముందు ఏడుపొస్తుంది, ఎందుకో తర్వాత తెలుస్తుంది. తాండ్ర, ఎండ, చాప, ఈ మూడూ కలిస్తే చాలు. ఘాటు అనేది మీరు కలుపుకున్నది అయ్యుండొచ్చు. జ్ఞాపకం అలాంటి కల్తీలు చేస్తుంది.

పుల్లమామిడి
నేను కలుపుకుంటే నా పక్కన కూర్చున్న మరాఠీ అమ్మాయికి ఎలా తెలిసింది? ఆవిడా తిని, మా ఆంబా పోళీ (వాళ్ల మామిడి తాండ్ర) ఇలా ముక్కుకి ఎక్కదే అంది. ఆవిడది రత్నగిరి, చిన్నప్పటి నుంచి తింటూ పెరిగింది.

ల్యాబ్‌కోటు
అది ముందే చెప్పాలి కదండీ. సరే, నా కల్తీ సిద్ధాంతం సగం వెనక్కి తీసుకుంటున్నా.

కలెక్టరుకాయ
మీ నాయనమ్మ ఏ కాయ వాడేవారు? మా వైపు తోతాపురిని కలెక్టర్ అంటాం (హ్యాండిల్ అందుకే, ఉద్యోగం చూసి కాదు). దాని గుజ్జులో పచ్చి వాసన కొంచెం ఉంటుంది. చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలకి వెళ్లేదంతా ఎక్కువగా అదే. ఆ పచ్చిదనమే మీకు ఘాటులా అనిపించిందేమో.

పుల్లమామిడి
చిన్న రసాలు. కచ్చితంగా. పెరట్లో రెండు చెట్లుండేవి. మంచివి చుట్టాలకి, రాలినవి తాండ్రకి.

అటకమీదపిల్లి
మనవలకి?

పుల్లమామిడి
మనవలకి టెంకలు. ఇంకా, తాండ్ర ఒలిచేశాక చాపకి అంటుకుపోయిన అడుగు పొర. నేనూ మా చెల్లీ చాప ముందు బోర్లా పడుకుని గోళ్లతో గీక్కుని తినేవాళ్లం. సగం తాండ్ర, సగం తాటాకు పీచు. చెప్పాలంటే డబ్బాలో పెట్టిన తాండ్ర కన్నా నాకు అదే ఎక్కువ గుర్తు. ఘాటు కూడా అందులోనే ఎక్కువగా ఉండేది, ఇప్పుడు రాస్తుంటే తడుతోంది.

సీమపిల్ల
గోళ్లలో మట్టే ఆ ఘాటు. కేసు క్లోజ్.

తాటితోపు
తాటి తాండ్ర కాదు కదా? మా శ్రీకాకుళంలో తాటిపండు గుజ్జు ఇలాగే చాప మీద పోసి ఆరబెడతారు. దానికి ముక్కుకి ఎక్కే వాసన బాగా ఉంటుంది, కొంచెం చేదు కూడా. ఇంట్లో ఎవరైనా తింటే వీధి చివర తెలుస్తుంది. ఇష్టం లేనివాళ్లు ఆమడ దూరం పారిపోతారు, మా ఆవిడతో సహా.

విజీనగరం_బుల్లోడు
ఆవిడ పారిపోయేది తాండ్ర నుంచేనా?

తాటితోపు
అడిగి చెప్తా, ఇంట్లో ఉంటే.

హౌరాబ్రిడ్జి
నేను ఈ థ్రెడ్ ఇప్పుడే చూశా. కోల్‌కతాలో 11 ఏళ్లుగా ఉంటున్నా, మా ఇంటివాళ్లు ఆమ్‌సత్త ప్రతి ఏడూ వేస్తారు. మీరంతా మామిడి చుట్టూ, చాప చుట్టూ తిరుగుతున్నారు. వీళ్లు గుజ్జు పోసే ముందు చాపకో పళ్లేనికో నూనె రాస్తారు, అంటుకోకుండా ఒలవడానికి. ఇక్కడ నూనె అంటే ఏ నూనె? ఆవనూనె! పచ్చి ఆవనూనె చేత్తో తీసుకుని పులిమేస్తారు. పొరపొరకీ మళ్లీ రాసేవాళ్లూ ఉన్నారు. మీ ముక్కు వెనకాల తగిలింది ఆవ ఘాటు సార్.

గోదారిగట్టు
ఆహా.

పుల్లమామిడి
మిగిలిన ముక్క మళ్లీ వాసన చూశా. ఆవే! ఇంతసేపూ ఎలా తట్టలేదో. ఆవపెట్టిన అరటికాయ కూరలో వచ్చేదే, కాకపోతే చాలా దూరం నుంచి వస్తున్నట్టు.

కానీ చిక్కు తీరలేదు, పెరిగింది. మా ఇంట్లో ఆవనూనె అన్న మాటే లేదు. నువ్వుల నూనె, వేరుశనగ నూనె, అంతే. నాయనమ్మ చాపకి ఏ నూనే రాసేది కాదు. అందుకే కదా అడుగు పొర అంటుకునేది, మాకు దక్కేది. మరి మా తాండ్రలోకి ఆవ ఎలా వచ్చింది?

ల్యాబ్‌కోటు
చూశారా, కల్తీ. సిద్ధాంతం పూర్తిగా మళ్లీ ముందుకి తెస్తున్నా.

అటకమీదపిల్లి
మీ సిద్ధాంతం గంటకోసారి పార్టీ మారుతోంది.

రిటైర్డ్‌టీచరమ్మ
నాయనా పుల్లమామిడీ, ఒక మాట అడుగుతా. ఆ చాప తాండ్ర కోసమే ఉంచేవారా, దాని మీద ఇంకేమైనా ఆరబెట్టేవారా? ఎండాకాలంలో ఇంట్లో ఒకటే చాప ఉంటే అది ఊరికే ఉండదు. మీ అమ్మగారు ఉంటే ఫోన్ చేసి అడుగు.

పుల్లమామిడి
అడుగుతానండీ. ఇప్పుడు సీరియల్ టైమ్, తొమ్మిది దాటాక చేస్తా.

విజీనగరం_బుల్లోడు
తొమ్మిదికి అందరం ఇక్కడే కలుద్దాం. ఎవరూ భోజనానికి వెళ్లకండి.

సీమపిల్ల
ఈలోగా ఎవరైనా రేగు వడియాలు దొరికే చోటు చెప్పండి, ఇంత రాశాక నోరూరుతోంది. హైదరాబాద్‌లో కొన్నవి గింజ తీసేసి మెత్తగా రుబ్బారు. గింజ పంటికింద పడకపోతే అదేం వడియం?

కలెక్టరుకాయ
గింజ తీసేసింది మీలాంటి వాళ్ల పళ్ల కోసమే అక్కా, వయసు ప్రకారం చూస్తారు.

సీమపిల్ల
నీ హ్యాండిల్ మీద ఫిర్యాదు పెడుతున్నా తమ్ముడూ.

పుల్లమామిడి
మాట్లాడా. గంటసేపు. మొత్తం రాస్తా, ఓపిక పట్టండి.

తాండ్ర వేసే చాప మీద ఇంకేం ఆరబెట్టేవాళ్లమ్మా అని అడిగా. ఆవిడకి నవ్వాగలేదు. "తాండ్రకి వేరే చాప ఎక్కడిదిరా? ఆవకాయ చాపే కదా" అంది.

మా ఇంట్లో ఆవకాయ ముందు, తాండ్ర తర్వాత. కాయ ముదరగానే ఆవకాయ, అదే చెట్టు కాయలు పండి రాలడం మొదలయ్యాక తాండ్ర. ఆవకాయకి మిరపకాయలు, ఆవాలు ఆ చాప మీదే ఎండేవి. తర్వాత రోలు పక్కన అదే చాప పరిచి, ఆవాలు దంచి, జల్లెడ పట్టేది నాయనమ్మ. ఆవపిండి ఏడు మానికలు, మా బాబాయిలకి కూడా కలిపి. పని అయ్యాక చాప దులిపేది, ఎండలో వేసి పొడిగుడ్డతో తుడిచేది. నీళ్లు పోసి కడిగేది కాదట, కడిగితే తాటాకు కుళ్లుతుందని. పది రోజులు తిరక్కుండా దాని మీదే మామిడి గుజ్జు.

ఇంకోటి కూడా చెప్పింది. ఒక ఏడాది మా పెద్దత్త కొత్త చాప కొనుక్కొచ్చి దాని మీద తాండ్ర పోయించిందట. ఆ ఏడాది నేను అడుగు పొర గీకకుండా లేచిపోయానట, బాలేదని. అమ్మకి గుర్తుంది, నాకు లేదు.

హౌరాబ్రిడ్జి
ఒళ్లు జలదరించింది.

రిటైర్డ్‌టీచరమ్మ
అనుకున్నా. మా అత్తగారి చాప మీద పోసిన గుమ్మడి వడియాలు కూడా అలాగే ఉండేవి.

ల్యాబ్‌కోటు
ఓడిపోయా, ఒప్పుకుంటున్నా. కానీ కారణం చాలా అందంగా కుదిరింది, చెప్పనివ్వండి. పొడి ఆవపిండిని వాసన చూస్తే పెద్దగా ఘాటుండదు. తడి తగిలితేనే అందులోని ఎంజైమ్ పనిచేసి ఘాటు పదార్థం పుడుతుంది. ఆవపెట్టేవాళ్లందరికీ ఇది చేతికి తెలిసిన సంగతే, నీళ్లు వేసి నూరితేనే ముక్కుకి ఎక్కుతుంది. కాబట్టి చాప సందుల్లో మిగిలిన పిండి దులిపినప్పుడు ఎవరికీ తెలియలేదు. పచ్చి గుజ్జు పడగానే నిద్ర లేచింది. అదీ చాపకి ఆనుకున్న మొదటి పొరలోనే. పై పొరల్లోకి పెద్దగా పాకదు. డబ్బాలో ముక్కల కన్నా మీరు గీకిన దాంట్లో ఎక్కువ అన్నారే, సరిపోయింది.

ఎండలోపని
అంతా బాగుంది గానీ ఆ ఘాటు గాల్లోకి పోయే రకం. రెండు మూడు వారాల ఎండలో ఏం మిగులుతుంది? నాకు పూర్తిగా నమ్మకం కుదరట్లేదు.

ల్యాబ్‌కోటు
ఎక్కువ భాగం పోతుంది, నిజమే. పైన పొర మీద పొర మూతలా పడుతుంది కాబట్టి కొంత లోపల చిక్కుకుంటుందని నా ఊహ. ముక్కుకి అది చాలు.

ఎండలోపని
ఊహ అన్నారు కాబట్టి వదిలేస్తున్నా. వచ్చే వేసవిలో ఒక చిన్న చాప మీద ఆవపిండి దులిపి పోసి చూస్తా. మా అమ్మకి తెలియకుండా చెయ్యాలి. మా చాపల దగ్గరికి కారం చేతులతో వెళ్తేనే ఊరుకోదు.

గోదారిగట్టు
అంటే మొత్తానికి మీ నాయనమ్మగారిది కడగని చాప. మొదట్లో నేను పులిసింది అన్నా, అంత దూరం ఏమీ పోలేదు.

పుల్లమామిడి
మా నాయనమ్మని ఏమన్నా అంటే ఊరుకోను, మీరు గోదారి గట్టున ఉన్నా వచ్చి తోస్తా.

తాటితోపు
ఆవనూనె రాసి పోయమని ఇక్కడ ఎవరినైనా అడిగితే కొడతారేమో. కానీ చేసి చూడొచ్చు కదా ఇంట్లో?

హౌరాబ్రిడ్జి
చెయ్యొచ్చు, పళ్లేనికి ఒకే ఒక్క చుక్క. ఎక్కువైతే అదే నోరంతా పరుచుకుంటుంది. మొదటి ఏడు నాకది మింగుడుపడలేదు, ఇప్పుడు లేకపోతే వెలితిగా ఉంది. ఊరెళ్లి మన తాండ్ర తింటే ఏదో తక్కువైందనిపిస్తుంది. మా అమ్మకి ఈ మాట చెప్పలేదు.

విజీనగరం_బుల్లోడు
ఈయన్ని భీమాళి పొలిమేరల్లోకి రానివ్వం.

సీమపిల్ల
పుల్లమామిడి గారూ, మీ చెల్లెలికి చెప్పారా?

పుల్లమామిడి
చెప్పా. ఆవిడ డల్లాస్‌లో ఉంటుంది, అక్కడ పొద్దున్నే. ముందు నమ్మలేదు. తర్వాత ఒక్కటే అడిగింది, ఆ చాప ఇప్పుడెక్కడుందని. అమ్మకి మళ్లీ ఫోన్ చేశా. అటక మీద చుట్టి పెట్టి ఉందట, ఒక మూల ఎలుకలు కొట్టేశాయట. మేలో సెలవు అడిగా, మేనేజర్ కారణం ఏమిటని అడిగితే కుటుంబ పని అని రాశా.

రిటైర్డ్‌టీచరమ్మ
ఎలుకలు కొట్టిన మూల కత్తిరించెయ్యి నాయనా. మిగతాది ఎండలో వెయ్యి, కడగకు.

ఎండలోపని
ఆవకాయ ముందు పెట్టుకోవడం మర్చిపోకండి. దంచేది మీరే కదా?

పుల్లమామిడి
మిక్సీ అనుకున్నా.

రిటైర్డ్‌టీచరమ్మ
మిక్సీలో అయితే చాప మీద ఏం పడుతుంది?